అడుగుల లెక్క

రాయచూరు కోట పడమటి గోడలో ఉన్న పెద్ద బండరాయిని మీలో చాలామంది చూసే ఉంటారు. 1294లో, కాకతీయుల కాలంలో, విఠలుడు ఆ కోట కట్టించిన సంగతి దానిమీద తెలుగులో చెక్కి ఉంది. ఆ రాయి పొడవు సుమారు 41 అడుగులు. అంత దూరం నేను నడిస్తే మాత్రం పట్టేది పదహారు అడుగులే. మనకు కొలిచేదీ అడుగే, వేసేదీ అడుగే. కన్నడంలో ఈ చిక్కు లేదు. కొలతకు అడి, నడకకు హెజ్జె. రెండు భాషల్లోనూ పాఠం చెప్పేవాణ్ణి కనుక ఈ తేడా నాకు తరచు తగులుతూ ఉంటుంది.

ఈ అడుగుల గొడవ ఇప్పుడెందుకంటారా? నిరుడు నాకు షుగరు బయటపడింది. రోజూ నడవండి అన్నారు డాక్టరుగారు. మా అమ్మాయి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి కొని నా ముంజేతికి కట్టింది. రోజూ సాయంత్రానికి పదివేలు చూపించేది. మూడు నెలలు దాన్ని నమ్మి నిశ్చింతగా ఉన్నాను. తీరా రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు సరికదా, ఇంకా పెరిగింది. అనుమానం వచ్చి గమనిస్తే, ఒక పీరియడు బోర్డు మీద రాసి తుడిచేసరికి నాలుగు వందల పైచిలుకు అడుగులు! గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపినా అంతే.

పాపం, ఆ పట్టీకి కాళ్లు కనిపించవు. చేతి కుదుపులను పసిగట్టి, నడకలాంటి తాళం ఉన్నవాటిని అడుగులుగా జమకట్టుకుంటుంది. దాన్ని మన సింధనూరు, మాన్వి వైపు పత్తి ఏరే అక్కలకు కడితే, ఉన్నచోటే కొన్ని అడుగులు చూపించవచ్చు. నెత్తిన బిందె పెట్టుకొని, చేత్తో దాన్ని పట్టుకొని మైలు దూరం నడిచే ఆమెకు మాత్రం సరిగా లెక్క ఇవ్వదు.

నడిచి కొలవడం పాత విద్యే. అలెగ్జాండరు సైన్యంతో పాటు దారి పొడవునా అడుగులు లెక్కపెట్టే ఉద్యోగులు మన దేశం దాకా వచ్చారు. తరవాత కుంపిణీ కాలపు సర్వేదారులు చక్రం దొర్లించి, అది ఎన్ని చుట్లు తిరిగిందో చూసి దూరం కట్టేవారు. గుంతల దారిలో చక్రం ప్రతి గుంతలోకీ దిగి ఎక్కుతుంది కదా, ఉన్నదానికంటే ఎక్కువే చూపేది. మన ఊళ్ల వాళ్లు ఈ బాధంతా పడకుండా కూతవేటు దూరం అన్నారు. కన్నడంలోనూ అదే మాట, కూగళతె.

అందరిలోకీ నాకు నచ్చినవాడు నైన్ సింగ్ రావత్. కుమావూ కొండల బడిపంతులు, అంటే మా కులస్థుడే అనుకోండి. టిబెట్టులోకి తెల్లవాళ్లను రానివ్వని రోజుల్లో, సర్వే శాఖ ఆయనకు డెహ్రాడూన్‌లో ఒకే కొలతగా అడుగు వేయడం నేర్పి, యాత్రికుడి వేషంలో పంపింది. చేతిలో జపమాల. మామూలుగా 108 పూసలుండాలి, ఈ మాలలో 100 మాత్రమే. నూరడుగులకొక పూస జరిపేవాడు. ఒక మాల పూర్తయితే పదివేలు. రాసుకున్న కాగితాలు ప్రార్థనచక్రంలో దాచేవాడు. 1866 జనవరిలో లాసా చేరాడు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

ఇప్పుడు మనకు చెప్పే పదివేలు మాత్రం ఆ జపమాలది కాదు. 1965లో జపానులో నడుముకు తగిలించుకునే యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్‌పోకె, అంటే పదివేల అడుగుల మీటరు. వైద్యులు పరిశోధించి తేల్చిన అంకె కాదది, సరుకు పేరు. పెద్ద వయసు స్త్రీల మీద అమెరికాలో జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడున్నర వేల దగ్గరే మేలు పెరగడం ఆగింది.

నేను జపమాల పట్టలేదు గానీ, కుడి జేబులో చింతపిక్కలు పోసుకొని బడి మైదానంలో నడుస్తున్నాను. నూరడుగులకొక పిక్క ఎడమ జేబులోకి. మొదటి వారం ఏ రోజూ నలభై పిక్కలు దాటలేదు. పట్టీ అదే వారం రోజుకు పదివేలు చూపించింది. ఇప్పుడు డెబ్బై దాకా వచ్చాను. రక్తపరీక్ష వచ్చే నెల. పట్టీ చేతికే ఉంది, టైము మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.