నవంబరు గడువు వెనక నూరేళ్ల కథ

నరసరావుపేట నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. "మావయ్యా, అమెరికా కాలేజీలకు నవంబరులోనే ముందుగా అప్లై చేస్తే సీటొచ్చే ఛాన్సు రెండింతలంట, నిజమేనా?" అని అడిగింది. కన్సల్టెంటు ఒకాయన చెప్పాడట. ముందుగా వేయాలంటే తన ఫీజు కూడా ముందుగానే కట్టాలన్నాడట.

అరగంట మాట్లాడాను, సరిపోలేదు. ఆ 'రెండింతలు' పూర్తి అబద్ధం కాదు, అలాగని ఆ పిల్లకు వర్తించే నిజమూ కాదు. ఇదే ప్రశ్న మాచర్లలోనో గురజాలలోనో ఇంకో పిల్ల మనసులోనూ ఉండే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మన దగ్గర లెక్క సులువు. ర్యాంకు వస్తుంది. పోయినేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అచ్చయి ఉంటుంది. రిజర్వేషను, లోకల్, నాన్‌లోకల్ అన్నీ ముందే తెలిసినవే. కౌన్సెలింగుకు పోకముందే తండ్రి టీకొట్టు దగ్గర కూర్చుని ఏ సీటు వస్తుందో చెప్పేయగలడు. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్లుగా ఉంటూ, ఇద్దరు పిల్లల్ని కాలేజీకి పంపిన నాకు ఇక్కడ అలాంటి కాగితం ఒక్కటీ కనబడలేదు. ఇక్కడి పెద్ద యూనివర్సిటీలకు కటాఫ్ లేదు. ఒకప్పుడు అలాంటిది ఉండేది. కావాలనే తీసేశారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్ కూడా ప్రవేశ పరీక్ష పెట్టేది. పాసయితే సీటు దాదాపు ఖాయం. లాటిన్ లాంటివి నేర్పే బడుల్లో చదివిన శ్రీమంతుల పిల్లలే ఎక్కువగా రాసేవాళ్లు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. తర్వాత తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు, బట్టలు కుట్టేవాళ్ల, చిల్లర సరుకులు అమ్ముకునేవాళ్ల బిడ్డలు, అదే పరీక్ష రాసి పాసవడం మొదలుపెట్టారు. 1900లో హార్వర్డులో చేరేవాళ్లలో నూటికి ఏడుగురు యూదులుంటే 1922 నాటికి ఇరవై ఒక్కరు దాటారు. అప్పటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వాళ్లను 15 శాతం దగ్గర ఆపేయాలన్నాడు. గొడవయింది. అధ్యాపకుల కమిటీ కోటా వద్దని తేల్చింది. ఆయన ఊరుకోలేదు. ఈలోపు అప్లికేషనులో కొత్త ప్రశ్నలు చేరాయి: తల్లి పుట్టింటి పేరేమిటి, పుట్టాక నీ పేరుగానీ నీ తండ్రి పేరుగానీ మార్చుకున్నారా? 1926లో మొదటి ఏడాది సీట్లను వెయ్యికి కట్టేసి, ఇకమీదట మార్కులతోపాటు 'వ్యక్తిత్వం' చూస్తామన్నారు. ఫొటో పంపమన్నారు. కోటా అన్న మాట లేకుండానే కోటా పని జరిగిపోయింది. కొన్నేళ్లలో యూదుల సంఖ్య లోవెల్ కోరుకున్న చోటికే దిగింది.

ఆ 1922 సంగతి చదివినప్పుడల్లా నాకు మన పల్నాటి మించాలపాడు గుర్తొస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నెగంటి హనుమంతు పుల్లరి పన్ను కట్టనని నిలబడి పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు. అడవిలో పశువుల్ని మేపుకోవడానికి మళ్లీ పన్నేమిటన్నదే ఆయన ప్రశ్న. పరీక్ష పాసైన కుర్రాడు మళ్లీ తన పుట్టుక ఎందుకు రుజువు చేసుకోవాలని అడగడానికి హార్వర్డ్ గుమ్మంలో అలాంటి మనిషి దొరకలేదు.

ఈ రోజు అమెరికా కాలేజీలు అడిగే వ్యాసం, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూ, బడి బయట చేసిన పనులు, అన్నింటికీ వేళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు వాటితో మంచి కూడా జరుగుతోంది. ర్యాంకు చెప్పలేని ప్రతిభను అవి కొన్నిసార్లు పట్టుకుంటాయి. కానీ వాటి పుట్టుక మరిచిపోకూడదు. 2018లో బోస్టన్ కోర్టులో హార్వర్డ్ మీద జరిగిన విచారణలో ఆసియా మూలాల పిల్లలకు మిగతా మార్కులు బాగున్నా 'వ్యక్తిగత' మార్కు తక్కువగా పడుతోందని బయటపడింది. కింది కోర్టులు వివక్ష లేదన్నాయి. 2023 జూన్‌లో అదే కేసులో అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి ప్రవేశాలు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ తీర్పు గురించి వారాల తరబడి మాట్లాడుకున్నారు. పిల్లల చర్మం రంగే తప్ప మనసు చూడలేదన్న బాధ చాలామందిలో ఉంది.

ఇప్పుడు ముందుగా వేయడం, అంటే 'ఎర్లీ' సంగతి. 1950లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ తమకు అలవాటైన ఖరీదైన ప్రైవేటు బడులకు వెళ్లి ఒక్కో కుర్రాడికి ఎ, బి, సి అని గుర్తు పెట్టేవి. ఎ అంటే సీటు వచ్చినట్టే, బి అంటే చూడాలి, సి అంటే ఆశ వదులుకో. మామూలు బడి పిల్లలకు ఆ ముందస్తు కబురు లేదు. ఆ దశాబ్దం చివర్లో కొన్ని మహిళా కాలేజీలు 'ఎర్లీ డెసిషన్' తెచ్చాయి: మా ఒక్క కాలేజీకే ముందుగా వేయండి, సీటిస్తే తప్పకుండా చేరాలి. 1990లలో ఇది బలంగా పాకింది. సీటిచ్చిన పిల్ల వస్తుందో రాదో అన్న బెంగ కాలేజీకి ఉండదు, అదే దాని ఆకర్షణ. షరతు ముందే ఒప్పుకుని పందెంలోకి దిగడమంటే ఏమిటో పల్నాటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పల్నాటి కథలో కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది.

ఎర్లీ డెసిషన్ కాక 'ఎర్లీ యాక్షన్' అని మరొకటి ఉంది. దానిలోనూ నవంబరు ఒకటికే వేస్తారు, డిసెంబరు మధ్యలో ఫలితం వస్తుంది, కానీ చేరి తీరాలన్న కట్టుబాటు లేదు. హార్వర్డ్, యేల్ ఇప్పుడు ఈ పద్ధతిలోనే ఉన్నాయి. ముందస్తు ప్రవేశాలు డబ్బున్నవాళ్లకే లాభమని 2006లో హార్వర్డ్ వాటిని రద్దు చేసింది. ప్రిన్స్‌టన్, వర్జీనియా యూనివర్సిటీ తప్ప పెద్ద కాలేజీలు దాని వెనక నడవలేదు. 2011లో మళ్లీ తెచ్చుకుంది. తప్పని ఒప్పుకున్నదాన్నే తిరిగి తెచ్చుకోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అంకెలు చూద్దాం. 2024లో చేరిన బ్యాచికి హార్వర్డులో ముందుగా వేసినవాళ్లు 7,921 మంది, సీటొచ్చింది 692 మందికి. అంటే నూటికి దాదాపు తొమ్మిది. మొత్తం మీద 54,008 మంది వేస్తే 1,937 మందికి వచ్చింది. ముందస్తు వాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లలో నూటికి మూడు కూడా లేదు. కన్సల్టెంటు చూపించేది ఇలాంటి లెక్కే. ఆ 692 మందిలో ఎవరున్నారో మాత్రం చెప్పడు. బోస్టన్ విచారణలో బయటపడిన వివరాల ప్రకారం, తల్లో తండ్రో హార్వర్డులో చదివిన పిల్లల్లో నూటికి 33 మందికి సీటొచ్చింది. కాలేజీ జట్టు కోసం కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో నూటికి 86 మందికి వచ్చింది. ఇలాంటివాళ్లు ముందస్తు గుంపులో ఎక్కువగా ఉంటారు. వాళ్లను పక్కన పెడితే మిగిలేదే మన పిల్ల ఛాన్సు. పైగా విదేశాల నుంచి వేసేవాళ్ల పోటీ ఇంకా గట్టిది.

2003లో ముగ్గురు పరిశోధకులు, ఏవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌజర్, ముందుగా వేయడం శాట్ పరీక్షలో వంద మార్కులు ఎక్కువ తెచ్చుకోవడంతో సమానమని తేల్చారు. కాబట్టి లాభం ఉంది. కానీ అది నవంబరుకల్లా అన్నీ సిద్ధంగా ఉన్న పిల్లకు. నవంబరుకు మన ఇంటర్ రెండో ఏడాది మార్కులు రావు, శాట్ అప్పటికే రాసి ఉండాలి. అన్నింటికన్నా కష్టం సిఫారసు ఉత్తరం. సెక్షనుకు ఎనభైమంది ఉన్న కాలేజీలో లెక్చరరుకు పిల్ల రోల్ నంబరు తెలుస్తుంది, పిల్ల తెలియదు. ఊళ్లో హైస్కూలు మాస్టారు రాసే నాలుగు నిజమైన మాటలు అంతకన్నా విలువైనవి.

ఇక డబ్బు. ఏడాదికి ఖర్చు ఎనభై వేల డాలర్లు దాటుతోంది. విదేశీ పిల్ల ఆర్థిక సాయం అడిగినా అడగకపోయినా ఒకేలా చూస్తామనేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్ లాంటి కొద్ది కాలేజీలే. చాలా చోట్ల సాయం అడిగితే ఛాన్సు తగ్గుతుంది. మిరప ధర మీద బతికే ఇల్లు అంత ఫీజుకు ముందే మాట ఇవ్వకూడదు. సాయం చాలకపోతే ఎర్లీ డెసిషన్ నుంచి విడుదల అడగవచ్చు. కానీ అప్పటికి మిగతా గడువులు దగ్గర పడిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఎవరైనా శాతం చూపిస్తే, అందులో మన బిడ్డలాంటి వాళ్లు ఎంతమందని అడగండి. జవాబు లేకపోతే డబ్బు కట్టకండి. చాలా కాలేజీలకు జనవరి మొదట్లో మామూలు గడువు ఉంది. మా చెల్లెలి కూతురు అప్పుడే వేస్తోంది, ఈలోపు ఎప్‌సెట్‌కు కూడా చదువుకుంటోంది.