బేలుకు బిగించిన పట్టీ

దూదిని చేతితో అదిమితే అణుగుతుంది. చేయి తీయగానే మళ్ళీ ఉబ్బుతుంది. ఈ స్వల్పవిషయమే పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల వర్తకులకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. తోటల నుండి మిల్లులకు వెళ్ళే దూదిని ప్రెస్సులో నొక్కి బేళ్ళుగా కట్టేవారు. మొదట కట్టింది తాళ్ళతోనే. తాడు సాగుతుంది, తడిసి చివుకుతుంది, నిప్పురవ్వ పడితే తెగుతుంది. తాడు తెగిన బేలు విచ్చుకుంటే గాలి చొరబడి మంట మరింత పెచ్చు పెరుగుతుంది. అందుచేత ఇనుప పట్టీలు వాడుకలోకి వచ్చాయి.

పట్టీ దొరికినంత మాత్రాన పని తీరలేదు. ఇనుమును తాడువలె ముడివేయలేము గదా! బేలు ఇంకా ప్రెస్సులో ఉండగానే కూలివాడు కొసలను త్వరగా కలపాలి. 1858లో ఫ్రెడరిక్ కుక్ ఇందుకొక బకిలుకు పేటెంటు పొందాడు. దాని ఒక అంచుకు అడ్డంగా చీలిక ఉంటుంది. మడిచిన పట్టీ కొసను రంధ్రంలో దూర్చే శ్రమ లేకుండా, ఆ చీలికగుండా పక్కనుంచి జార్చితే చాలు. ప్రెస్సు వదలగానే దూది ఎగదన్ని పట్టీని తానే బిగిస్తుంది. అంటే ఇక్కడ బిగించే పనిముట్టు దూదియే. ఆదిలాబాదు, గుంటూరు ప్రాంతాలలో నేడు కట్టే 170 కిలోల బేలుకూ ఇదే సూత్రం.

ఆ పేటెంటు తరువాత జేమ్స్ మెక్‌కోంబ్ చేతికి వచ్చింది. బకిలు మీద, ఒక్కసారి మాత్రమే వాడుకొనే అనుమతి ఉన్నదని ముద్ర వేసేవారు. మిల్లువారు పట్టీలను కోసి, పాత ఇనుము కింద అమ్మేవారు. సిమన్సు మొదలైన వర్తకులు ఆ ముక్కలు కొని, సాపుచేసి, రివెట్లతో అతికి, పాత బకిళ్ళతోనే కలిపి మళ్ళీ అమ్మారు. డబ్బిచ్చి కొన్న ఇనుమును కొన్నవాడు తన ఇష్టం వచ్చినట్లు వాడుకోరాదా? వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1882లో కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. బేలును మిల్లుకు చేర్చడంతో కట్టు పని ముగిసిందనీ, కావాలని కోసిన తరువాత అది కట్టు కాదనీ, ముక్కలను అతకడం మరమ్మతు కాక కొత్త తయారీయే అవుతుందనీ తీర్పు సారాంశం. అయినా బకిలు చెక్కుచెదరలేదు గదా అన్న వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు.

చెక్కపెట్టెకు దూదికున్న ఎగదన్నే గుణం లేదు. దాని మీది పట్టీని మనిషే లాగి బిగించాలి. 1913లో షికాగోలో స్థాపితమై, తరువాత సిగ్నోడ్ అని పేరు మార్చుకొన్న కంపెనీ వంటివి ఈ పనికే చేతి పనిముట్లను, లోహపు సీళ్ళను తయారుచేశాయి. వీటిలో ఒకరకానికి కింద సన్నని పాదం, పైన పండ్లచక్రం ఉంటాయి. పిడిని ముందుకూ వెనుకకూ ఆడిస్తే చక్రం పట్టీని లాగుతుంది. ర్యాచెట్ దానిని వెనుకకు జారనివ్వదు. తరువాత సీలును మరొక పనిముట్టుతో నొక్కుతారు. అయితే చివరకు ఆ పాదాన్ని పట్టీ కిందనుంచి తీయాలి. బల్లపరుపు పెట్టె మీద ఇది సులభం. గొట్టాల కట్ట మీద పాదం ఆనదు. అక్కడ సీలుకు ఎదురుగా ఆనుకొని పట్టీని లాగే రెండవ రకం పనిముట్టు కావాలి. పనిముట్టును ఎంచుకొనేవారు ధరకంటె ముందు సరుకు ఆకారం చూడవలసింది ఇందుకే.

ఉక్కు బలమైనదే, కాని సాగదు. పచ్చి కలప ఆరి కుంచించుకుపోతే పట్టీ వదులై వేలాడుతుంది. 1954లో ఇటలీలో నట్టా తయారుచేసిన గట్టి పాలిప్రొపిలీను, అంతకుముందే 1941లో ఇంగ్లండులో పుట్టిన పాలియెస్టరు తరువాతి కాలంలో పట్టీలుగా మారాయి. పాలిప్రొపిలీను చవక, కాని రోజులు గడిచేకొద్దీ మెల్లగా సాగిపోతుంది, కనుక తేలిక అట్టపెట్టెలకే తగును. పాలియెస్టరు సాగినా, సరుకు కుంగితే తిరిగి ముడుచుకొని పట్టు నిలుపుకొంటుంది. వేడి తగ్గని ఉక్కు చుట్టలకు, వాడి అంచులకు మాత్రం నేటికీ ఉక్కుపట్టీయే.

ప్లాస్టిక్ పట్టీకి సీలు కూడా అవసరం లేదు. బ్యాటరీతో నడిచే నేటి చేతి పనిముట్టు రెండు పొరలను ఒకదానిపై ఒకటి అతివేగంగా రుద్దుతుంది. రాపిడి వేడికి అవి కరిగి, చల్లారగానే అతుక్కుంటాయి. బిగింపు ఎంత ఉండాలో ముందే నిర్ణయించవచ్చును.

పట్టీని కోసేటప్పుడు దానికి ఎదురుగా నిలబడరాదు. లాగి ఉంచిన ఉక్కులో దాగిన శక్తి ఒక్కసారిగా విడుదలై, తెగిన కొస కొరడావలె ముఖానికి తగులుతుంది. కంటికి అద్దాలు, చేతులకు తొడుగులు ధరించి, పక్కగా నిలిచి, పట్టీల కత్తెరతోనే కోయాలి.