కీమో: మాట ఒకటి, మందులు అనేకం
తల్లాడలో గానీ ఖమ్మంలో గానీ క్యాన్సర్ రోగి బంధువులు ‘కీమో ఎక్కించారు’ అనడం, సెలైన్ ఎక్కించడమనే పాత వాడుక ఒరవడిలో వచ్చిన ప్రయోగం. రసాయన చికిత్స అనే అర్థంలో ‘కీమోథెరపీ’ పదాన్ని 20వ శతాబ్దారంభంలో ప్రచారంలోకి తెచ్చిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ దృష్టి ప్రధానంగా సూక్ష్మజీవుల మీద ఉండేది. 1910లో వెలువడిన ఆయన సాల్వర్సాన్ సిఫిలిస్‌కు మందు. ఆ పదం క్యాన్సర్ వైపు మళ్లడంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పాత్ర చిన్నది కాదు: లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు.

‘ఎక్కించు’ అనే క్రియ నరానికి సరిపోతుంది గానీ, పొట్ట లోపలి గోడనూ అవయవాలనూ కప్పి ఉంచే పలుచని పొర, అంటే పెరిటోనియం, మీదికి పాకిన క్యాన్సర్ దగ్గర తడబడుతుంది. రక్తం ద్వారా వెళ్లిన మందు ఆ పొర మీది గడ్డలకు తగినంతగా చేరదు కనుక, ఎంపిక చేసిన రోగులలో కంటికి కనిపించే గడ్డలను కోసి తీసి, సుమారు 41–43 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన మందును పొట్టలోనే గంట నుంచి గంటన్నర వరకు తిప్పుతారు. దీని పొట్టి పేరు హైపెక్. ఏ మందు వాడాలన్నది చాలావరకు క్యాన్సర్ ఏ అవయవంలో మొదలైందన్న దానిని బట్టి నిర్ణయమవుతున్నా, రోగి గడ్డలోని కణాలను ఆర్గనాయిడ్లుగా, అంటే సూక్ష్మ కణజాల ముద్దలుగా, పెంచి వాటిపై మందులను ముందే పరీక్షించే పద్ధతిపై పరిశోధనలు సాగుతున్నాయి. ఒకే రోగి పొట్టలో వేర్వేరు చోట్ల పెరిగిన గడ్డలు ఒకే మందుకు ఒకేలా లొంగకపోవడం అక్కడ ఎదురయ్యే ఒక చిక్కు.