పద్యమును ఇంటింటికిఁ జేర్చిన గాయకుడు

ఒకప్పుడు తెలుగు పద్యము నాటకరంగమున దీర్ఘమైన రాగాలాపనతో సాగెడిది. రాగము చెవికి ఇంపైనను, భావము పలుమారులు మరుగుపడెడిది. మాట స్పష్టముగా వినబడునట్లు, రాగము అర్థమునకు తోడ్పడునట్లు పద్యమును పాడి లోకమును మెప్పించినవారిలో అగ్రగణ్యులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు.

వీరు 1922లో గుడివాడ సమీపమునగల చౌటపల్లిలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. సంగీతము నేర్వగోరి విజయనగరము చేరి, మధుకరముతో ఆకలి తీర్చుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారియొద్ద విద్య గడించిరి. 1942 నాటి స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకేగిరి. పిమ్మట మద్రాసు చేరి చలనచిత్రరంగమున స్థిరపడిరి. 1951లో వెలువడిన 'పాతాళభైరవి'కి సంగీతము కూర్చినది వీరే. కరుణశ్రీగారి 'పుష్పవిలాపము' వీరి కంఠమున గ్రామఫోను రికార్డుగా వెలువడి, కావ్యమెరుగని ఇండ్లలో సైతము కవిత్వమును వినిపించినది.

1970 ఫిబ్రవరి 1వ తేదీన హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియమున వీరి రజతోత్సవము వేలాది అభిమానుల సమక్షమున జరిగినది. మరుసటి యేడు అమెరికాలోని తెలుగువారికిని తమ గానము వినిపించి వచ్చిరి. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో దివంగతులైరి. తుదిదినములలో పాడిన భగవద్గీత అటుపిమ్మట రికార్డుగా వెలువడినది.

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసినది. అచ్చటనుండి నేడు సముద్రములు దాటుచున్న తెలుగు కుటుంబములలో, తెలుగు చదువనేరని పిల్లలకును పద్యము ఈ కంఠముననే తొలుత వినబడుచుండుట కలదు. శ్రోతలు ఆ గానమును వినునపుడు రాగముతోపాటు మాటను గమనింతురుగాక.