ఉద్దానానికి నడిచొచ్చిన యుద్ధం

1941 డిసెంబరు 23, మంగళవారం ఉదయం. బర్మా రాజధాని రంగూన్ ఆకాశంలో జపాన్ విమానాలు కనిపించాయి. బాంబు అంటే ఎలా ఉంటుందో ఆ నగరం అప్పటిదాకా చూడలేదు. అందుకే చాలామంది దాక్కోలేదు, వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. ఆ ఒక్క పూటలోనే రెండు వేల మందికి పైగా చనిపోయారు. రెండు రోజులకు, క్రిస్మస్ నాడు, విమానాలు మళ్లీ వచ్చాయి. రేవులో బస్తాలు మోసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు మూటాముల్లే సర్దుకుని ఊరు విడిచారు. వారిలో వేలమంది తెలుగువాళ్లు. గంజాం, విశాఖ, గోదావరి తీరాల నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు లండన్, స్టాలిన్‌గ్రాడ్, హిరోషిమా గుర్తొస్తాయి. పలాస, టెక్కలి, సోంపేట గుర్తుకు రావు. ఆ యుద్ధం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఇళ్లలోకి కూడా వచ్చింది. టోక్యోలో, బెర్లిన్‌లో, రోమ్‌లో కొద్దిమంది తీసుకున్న నిర్ణయాలు ఇక్కడి కుటుంబాల అన్నం గిన్నె దాకా ఏ దారిన వచ్చాయో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే ఆ దారి ఇప్పటికీ మూసుకుపోలేదు.

రంగం బతుకు

రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి అక్కడికి స్టీమర్లు నడిచేవి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా ఇచ్చి మనుషులను కుదుర్చుకునేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతిలో ఉండేవాడు. అయినా వెళ్లేవారు. జమీందారీ గ్రామాల్లో శిస్తు కట్టాక మిగిలేది తక్కువ. మందస, టెక్కలి ప్రాంతాల్లో అడవి నుంచి కట్టెలు తెచ్చుకోవాలన్నా ఎస్టేటు అనుమతి కావాలి.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా దాదాపు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో తెలుగువారు లక్షన్నర పైచిలుకు. బర్మావాళ్లు వారిని కోరంగి రేవు పేరు మీద కొరంగీలు అని పిలిచేవారు. రంగూన్ రేవులో ఎగుమతి, దిగుమతి పని ఎక్కువగా వారి భుజాల మీదే నడిచేది.

పడిపోయిన ధరలు

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం చాలా దేశాలను కుంగదీసింది. బర్మాలో ధాన్యం ధర సగానికి పడిపోయింది. రైతుల భూములు అప్పులవాళ్ల పాలయ్యాయి. పనులు తగ్గాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. స్టీమర్ కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె ముగియగానే వారిని తీసేశాయి. ఆ కోపం కంపెనీల మీదకు పోలేదు, తోటి కూలీల మీదకు పోయింది. అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగువారు.

అదే మాంద్యం జర్మనీలో 60 లక్షల మందిని నిరుద్యోగులను చేసింది. 1928లో 3 శాతం ఓట్లు కూడా రాని నాజీ పార్టీకి 1932 జులైలో 37 శాతం వచ్చాయి. జపాన్‌లో పట్టు ధర కూలి పల్లెలు పస్తులున్నాయి. ఆకలితో ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన యువ సైనికాధికారులు, పార్లమెంటూ వ్యాపారులూ దేశాన్ని ముంచారని నమ్మారు. ప్రతిచోటా బాధ నిజమైనదే. ఆ బాధకు పక్కవాణ్ని కారణంగా చూపించి అధికారం అడిగేవాడు ప్రతిచోటా దొరికాడు.

వద్దనేవారు లేని రాజ్యాలు

నియంతృత్వం యుద్ధంగా మారే తీరు ఇటలీ, జర్మనీ, జపాన్ మూడు దేశాల్లోనూ ఒకే వరుసలో కనిపిస్తుంది. ముందు ఇంట్లో నోళ్లు మూయిస్తారు. తర్వాత పొరుగువాడి మీద చెయ్యి చేసుకుని చూస్తారు. అడ్డు రాకపోతే మరో అడుగు వేస్తారు.

ఇటలీలో ముస్సోలినీ 1922లో అధికారంలోకి వచ్చి, నాలుగేళ్లలో ప్రతిపక్షాన్నీ పత్రికలనూ తుడిచిపెట్టాడు. 1935 అక్టోబరులో అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద దండెత్తి, విషవాయువులు ప్రయోగించాడు. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. యుద్ధానికి ప్రాణమైన పెట్రోలును మాత్రం వాటిలో చేర్చలేదు.

జర్మనీలో హిట్లర్ 1933 జనవరి 30న ఛాన్సలర్ అయ్యాడు. నెల తిరక్కుండానే పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడు పౌరహక్కులు రద్దయ్యాయి. మార్చి 23న పార్లమెంటే తన శాసనాధికారాన్ని అతని చేతిలో పెట్టింది. ఓటింగులో వ్యతిరేకించింది సోషల్ డెమోక్రాట్లు ఒక్కరే. మేలో కార్మిక సంఘాలు పోయాయి, జులైలో మిగిలిన పార్టీలు పోయాయి. మరుసటేడు సైనికులు దేశానికి కాక హిట్లర్ పేరు మీద ప్రమాణం చేశారు. ఆ తర్వాత ఆయుధాల కోసం దేశం అప్పుల్లో మునిగింది. 1936లో హిట్లర్ నాలుగేళ్లలో సైన్యమూ ఆర్థిక వ్యవస్థా యుద్ధానికి సిద్ధం కావాలని రాతపూర్వకంగా ఆదేశించాడు. అలా నడిచే రాజ్యానికి ఇతరుల భూమి, ధాన్యం, చమురు కొల్లగొట్టడం తప్ప అప్పు తీర్చే మార్గం ఉండదు.

జపాన్ కథ వేరేలా మొదలై అక్కడికే చేరింది. 1931 సెప్టెంబరులో సైన్యం తనంతట తానే మంచూరియాను ఆక్రమించింది. 1932 మేలో నౌకాదళ యువ అధికారులు ప్రధాని ఇనుకాయ్‌ని కాల్చి చంపారు. 1936 ఫిబ్రవరి తిరుగుబాటులో, సైనిక ఖర్చు తగ్గించాలన్న ఆర్థిక మంత్రి తకహాషిని చంపారు. అదే ఏడాది, సర్వీసులో ఉన్న సేనాధిపతులే యుద్ధ మంత్రులుగా ఉండాలన్న నిబంధన తిరిగి వచ్చింది. ఇక సైన్యానికి నచ్చని మంత్రివర్గం నిలబడే వీల్లేదు. 1937 జులైలో చైనాతో పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. 1940లో పార్టీలన్నీ రద్దయ్యాయి. ఆ సెప్టెంబరులోనే జర్మనీ, ఇటలీ, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి.

తప్పు నియంతలది మాత్రమే అంటే చరిత్ర పూర్తిగా చెప్పినట్టు కాదు. బ్రిటన్, ఫ్రాన్స్ 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో చెకోస్లొవేకియా భూభాగాన్ని హిట్లర్‌కు ఒప్పగించాయి. ఆ చర్చల్లో చెకోస్లొవేకియాకు చోటే ఇవ్వలేదు. 1939 ఆగస్టులో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. పది రోజులు తిరక్కుండానే పోలండ్ మీద దాడి జరిగింది. ఒక్కో రాజీ నియంతకు ఒకే పాఠం నేర్పింది: తన మాటకు ఎదురులేదని.

వైస్రాయి ప్రకటన, మందస తుపాకులు

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కోట్లమంది తరఫున ఆ మాట చెప్పేముందు ఒక్క భారతీయ ప్రతినిధినీ సంప్రదించలేదు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అక్టోబరు చివర్లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది.

దాని దెబ్బ నేరుగా ఉత్తరాంధ్ర రైతు మీద పడింది. 1937లో ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతు రక్షణ యాత్ర జమీందారీల బాధలు చెప్పుకుంటూ మరుసటేడు మద్రాసు చేరింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ 1938లో రైతు పక్షాన నివేదిక ఇచ్చింది. మంత్రివర్గం పోవడంతో ఆ సిఫార్సులు చట్టం కాలేదు. జమీందారీల రద్దు చట్టం కోసం 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. బారువలో పుట్టిన రైతు నాయకుడు గౌతు లచ్చన్న ఆ సభ నిర్వహణలో ముందున్నారు. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం ముందే అరెస్టు చేసింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస ఎస్టేటులోని గుడారి రాజమణిపురంలో కట్టెలు తెచ్చుకున్న రైతులను పట్టుకెళ్లడానికి పోలీసులు వచ్చారు. ఆడవాళ్లు అడ్డం తిరిగారు. కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు నేలకొరిగారు. యూరప్‌లో స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామని చెప్పే ప్రభుత్వం మందసలో కట్టెపుల్లల కోసం తుపాకీ పేల్చింది. హిట్లర్‌ను ఎదిరించే నైతిక బలాన్ని సామ్రాజ్యం తన చేతులతోనే తగ్గించుకుంది.

రంగూనే ఎందుకు?

చైనాలో జపాన్ నాలుగేళ్లు పోరాడినా గెలుపు రాలేదు. చైనాకు ఆయుధాలు, పెట్రోలు అందుతున్న ముఖ్య మార్గం బర్మా రోడ్డు. సరుకు రంగూన్ రేవులో దిగి, రైల్లో లాషియోకు, అక్కడి నుంచి లారీల్లో కున్మింగ్‌కు చేరేది. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి చొరబడింది. అమెరికా పెట్రోలు ఆపేసింది. చైనా నుంచి వెనక్కి రావడం ఒక దారి, చమురున్న దేశాలను ఆక్రమించడం మరో దారి. వెనక్కి రమ్మని చెప్పగలిగే మంత్రి, పత్రిక, పార్టీ అప్పటికి జపాన్‌లో మిగల్లేదు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి, రెండు వారాలకు రంగూన్ మీద బాంబులు. అబిసీనియా, మంచూరియా, మ్యూనిక్‌లలో ఎవరూ ఆర్పని నిప్పు ఉద్దానం కూలీల నెత్తిన రాలింది.

కొండల దారి

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలో పడింది. అప్పటికే జనం కదిలారు. రేవు పని ఆగకూడదని, అనుమతి లేకుండా భారతీయ మగ కూలీలు స్టీమర్ ఎక్కకుండా బర్మా ప్రభుత్వం కొంతకాలం అడ్డుకుంది. టిక్కెట్టు డబ్బున్నవారు ఓడల్లో దాటారు. మిగిలినవారు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు వెళ్లారు. కొందరు తమూ మీదుగా మణిపూర్ చేరి దిమాపూర్‌కు నడిచారు. చివరికి మిగిలినవారు హుకాంగ్ లోయలో, వానాకాలం బురదలో, జలగల మధ్య లేడో వైపు వచ్చారు. దారిలో తెల్లవారికి ఒక ఏర్పాటు, నల్లవారికి మరో ఏర్పాటు జరిగిందన్నది నాడే పెద్ద దుమారం రేపింది.

నాలుగైదు లక్షల మంది భారతదేశం చేరారు. కలరా, మలేరియా, ఆకలితో దారిలో చనిపోయినవారి అంచనాలు 10 వేల నుంచి 50 వేల దాకా, ఇంకా పైకి కూడా ఉన్నాయి. ప్రాణాలతో బయటపడ్డ తెలుగువారు కలకత్తా మీదుగా బెంగాల్ నాగపూర్ రైలు మార్గంలో సొంత ఊళ్లకు చేరుకున్నారు. రంగం నుంచి వచ్చే డబ్బు ఆగింది. పంచుకోవడానికి భూమి లేదు.

యుద్ధం వారి వెనకే వచ్చింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం, ర్యూజో విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. తీరమంతా భయం కమ్ముకుంది. జనం లోపలి ఊళ్లకు తరలిపోయారు.

బర్మా నుంచి ఏటా మన దేశానికి వచ్చే 10 లక్షల టన్నులకు పైగా బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారు. బర్మా బియ్యం ఆగడం ఒక్కటే దానికి కారణం కాదు. పడవలను స్వాధీనం చేసుకున్న ప్రభుత్వ విధానం, సైన్యం కోసం పెట్టిన ఖర్చుతో ఎగసిన ధరలు, సకాలంలో ధాన్యం పంపని నిర్లక్ష్యం అందులో ఉన్నాయి. ఆసియా ఆసియావాసులకే అని చెప్పిన జపాన్ మాట కూడా నిలబడలేదు. సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు వేసిన రైలు మార్గంలో 2 లక్షల మందికి పైగా ఆసియా కూలీలతో వెట్టిచాకిరీ చేయించింది. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకెళ్లిన తమిళులు, తెలుగువారు వారిలో ఉన్నారు. ఆ ఆసియా కూలీల్లో దాదాపు 90 వేల మంది చనిపోయారని అంచనా.

మళ్లీ 1962

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి బర్మా వెళ్లారు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ అక్కడి ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాడు. అంగళ్లు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. 1964లో పెద్ద నోట్లు రద్దు చేశాడు. 3 లక్షల మంది దాకా భారతీయులు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. విశాఖలో నేటికీ ఉన్న బర్మా క్యాంపు ఆ కాందిశీకులదే. ఒక్క తరంలో రెండుసార్లు, రెండు వేర్వేరు సైనిక పాలనలు, ఒకే తీరం మనుషులను రోడ్డున పడేశాయి.

ఇవాళ ఉద్దానం నుంచి, టెక్కలి నుంచి యువకులు గల్ఫ్‌కు, ఇంకా దూర దేశాలకు పనికి వెళ్తున్నారు. అక్కడి రాజధానుల్లో ఎవరు ఎవరిని నిలదీయగలుగుతున్నారన్నది ఇక్కడి ఇంటి ఆదాయానికి, ఒక్కోసారి కొడుకు ప్రాణానికి సంబంధించిన విషయం. విదేశీ వార్త అనుకుని పేజీ తిప్పేసే హక్కు ఈ తీరానికి లేదు.

బర్మా నడకను బాల్యంలో చూసినవారు ఇప్పుడు తొంభైకి దగ్గర్లో, ఆపైన ఉన్నారు. వారు చెప్పేది మన బడుల్లో, కళాశాలల్లో రాసిపెట్టాలి. జిల్లా చరిత్ర పాఠంలో గున్నమ్మ పక్కన హుకాంగ్ లోయకూ చోటుండాలి. ఆ పాఠం పిల్లలకు ఒక సూటి విషయం నేర్పాలి. పత్రిక మూతపడినప్పుడు, న్యాయస్థానం తల వంచినప్పుడు, పాలకుడికి వద్దని చెప్పిన మంత్రి ఇంటికి పోయినప్పుడు యుద్ధానికి సగం ఏర్పాట్లు పూర్తయినట్టే. మిగతా సగం పూర్తయ్యేలోగా ఎదురు చెప్పగలిగేది పౌరులే. జర్మనీలో, ఇటలీలో, జపాన్‌లో ఆ గడువు దాటిపోయింది. దాని మూల్యం అక్కడ ఏ ఓటూ లేని మన కూలీలు చెల్లించారు. ఓటు ఉన్న మనం ఆ గడువును దాటనివ్వకూడదు.