కట్టు విప్పకుండా మమ్మీని చూపించే బల్ల

మూసాపేటలో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం దగ్గరే. పిల్లలతో వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ వాళ్లు ముందుగా వెతికేది ఈజిప్టు మమ్మీ గదినే. నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాముకు కానుకగా ఇచ్చిన మమ్మీ అది. గాజుపెట్టె ముందు నిలబడగానే ఏ పిల్లాడైనా అడుగుతాడు: ఆ కట్ల లోపల ఏముంది?

కట్లు ముట్టుకోకుండా దానికి జవాబు చెప్పే విద్య ఆసుపత్రిలో పుట్టింది. 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలకు సి.టి. స్కాన్ తీశారు. ఐదేళ్లు తిరక్కుండానే, 1976లో టొరంటోలో, నఖ్త్ అనే ఈజిప్టు నేతగాడి మెదడును స్కాన్ యంత్రంలో పెట్టారు. స్కాన్ శరీరాన్ని పలచటి అడ్డుపొరలుగా చూస్తుంది. ఆ పొరల్ని తమలపాకుల కట్టలా ఒకదాని మీద ఒకటి పేరిస్తే కంప్యూటర్లో నిండు మనిషి తయారవుతాడు. ఎముకకు ఒక రంగు, చర్మానికి ఇంకో రంగు వేసుకోవచ్చు. అక్కర్లేని పొర తీసేసి చూసుకోవచ్చు.

అలాంటి నమూనాను చూడవచ్చినవాళ్ల చేతికే ఇవ్వాలన్న ఆలోచన మరో దారిన వచ్చింది. ఇంగ్లండ్‌లో శిథిలమైపోయిన డడ్లీ కోట 1550లో ఎలా ఉండేదో కంప్యూటర్లో కట్టి, 1994లో సందర్శకులను అందులో తిప్పి చూపించారు.

ఈ రెండు దారులూ 2012లో బ్రిటిష్ మ్యూజియంలో ఒక బల్ల మీద కలిశాయి. గెబెలీన్ మనిషి అని పిలిచే యువకుడి దేహం అక్కడుంది. ఇసుకలో ఎండి, సుమారు 5,500 ఏళ్లుగా చెడకుండా మిగిలింది. స్వీడన్ నిపుణులు తయారుచేసిన టచ్ బల్ల మీద వేలు జరిపితే చర్మం తొలగిపోయి ఎముకలు బయటపడేవి. దేహాన్ని వెనక్కి తిప్పితే ఎడమ భుజపుటెముక కింద పోటు, దాని లోపల చితికిన పక్కటెముక. జనం వందేళ్లకు పైగా గాజులోంచి చూస్తున్నా ఆ హత్య ఎవరి కంటా పడలేదు.

చనిపోయిన మనిషిని ఇలా తిప్పి చూడొచ్చా అనే మాట సబబైనదే. ఒకప్పుడు యూరప్‌లో టిక్కెట్టు పెట్టి మరీ మమ్మీల కట్లు విప్పారు. దేహానికి చెయ్యి తగలని ఈ పద్ధతి అంతకంటే ఎంతో మర్యాదైనదని నా నమ్మకం. అయితే తెర మీద ఉన్నది ఒకప్పుడు బతికిన మనిషని బల్ల పక్కనే రాసి ఉండాలి.

మన మమ్మీకీ 2016లో సి.టి. స్కాన్ తీశారు. దాన్ని పిల్లలు వేలితో తిప్పి చూసే నమూనాగా మార్చగల పనివాళ్లు మూసాపేట నుంచి హైటెక్ సిటీ దాకా ప్రతి వీధిలో ఉన్నారు. పురావస్తు శాఖ వాళ్లను పిలవాలి. తెలుగులో, ఉర్దూలో మాట్లాడే ఒక బల్లను ఆ గాజుపెట్టె పక్కన పెట్టించాలి.