ఓటు ఉంది, బలం లేదు

ఓటున్న చోట బలమూ ఉంటుందని పిల్లలకు చాలా ఏళ్ళు చెప్పాను. అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలోని నాస్సా కౌంటీ చరిత్ర చదివాక ఆ మాట అంత ధీమాగా చెప్పలేకపోతున్నాను.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. నాస్సాలో 1938లో అమలులోకి వచ్చిన చార్టరు ప్రకారం, కార్యనిర్వహణకు జనం నేరుగా ఎన్నుకునే కౌంటీ ఎగ్జిక్యూటివ్ వేరు. పన్నులు, బడ్జెట్టు, స్థానిక చట్టాలు చూసే సూపర్వైజర్ల బోర్డు వేరు. ఈ బోర్డుకు ప్రత్యేకంగా నియోజకవర్గాలు లేవు. మూడు టౌనులు, రెండు నగరాలు తమ తమ పాలనకు ఎన్నుకున్నవారే వచ్చి కౌంటీనీ పాలించేవారు. అన్నిటికన్నా పెద్దదైన హెంప్‌స్టెడ్ నుంచి మాత్రం ఇద్దరు.

జనాభాల్లో అంతరం ఎక్కువ గనుక ఓట్లకు తూకం కట్టారు. 1964లో ఆ తూకం ఇది: హెంప్‌స్టెడ్ ఇద్దరికీ చెరి 31, ఆయిస్టర్ బేకు 28, నార్త్ హెంప్‌స్టెడ్‌కు 21, లాంగ్ బీచ్‌కు 2, గ్లెన్ కోవ్‌కు 2. మొత్తం 115. మామూలు తీర్మానం నెగ్గాలంటే 58 కావాలి.

న్యాయంగానే కనిపిస్తుంది. తెలుగు మాస్టారినైనా కాగితం తీసుకుని కూడి చూశాను. మొదటి ముగ్గురిలో ఏ ఇద్దరు కలిసినా 59 గాని 62 గాని వస్తాయి. ఇంకెవరి అవసరమూ లేదు. చివరి ముగ్గురివీ కలిపితే 25. పెద్దవాళ్ళలో ఒకరు తోడైనా 56 దాటవు. అంటే నార్త్ హెంప్‌స్టెడ్ ప్రజల 21 ఓట్లు దేన్నీ నెగ్గించలేవు, దేన్నీ ఆపలేవు. రూపం, సారం అంటూ మన విమర్శకులు (నాతో సహా) పేజీలు నింపుతాం గాని, ఆ రెండూ ఇంత నగ్నంగా విడిపోయిన ఉదాహరణ నాకు సాహిత్యంలో దొరకలేదు.

జాన్ బాన్జాఫ్ 1965లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో ఈ గుట్టు విప్పాడు. ఓటు బలాన్ని అంకెతో కాదు, ఫలితాన్ని మార్చగల అవకాశంతో కొలవాలన్నాడు. ఆ తర్వాత తూకాలు మార్చారు, వ్యాజ్యాలు నడిచాయి. 1993లో ఫెడరల్ న్యాయస్థానం సమాన ఓటు సూత్రానికి విరుద్ధమంటూ ఈ పద్ధతిని కొట్టివేసింది. 1996లో బోర్డు స్థానంలో 19 నియోజకవర్గాల శాసనసభ వచ్చింది. అక్కడ మనిషికి ఒక్కటే ఓటు.

1964 నాటి ఆ సమావేశాల్లో నార్త్ హెంప్‌స్టెడ్ ప్రతినిధి చెయ్యెత్తిన ప్రతిసారీ, గుమాస్తా పుస్తకంలో 21 అని రాసుకునే ఉంటాడు.